తెలుగువాడు తెలుగు చదవడం

తెలుగు మాతృభాషగా వున్నవాడు కళాశాలకు వెళ్ళి మళ్ళీ తెలుగే ప్రధాన పాఠ్యాంశంగా తీసుకుని చదవడంలో అర్థమేమిటి? ఈ ప్రశ్నను రెండు రకాల మనుషులు రెండు విధాలుగా అడుగుతారు. "వచ్చిన భాషే కదా, కొత్తగా నేర్చుకునేదేముంది?" అనేవారు ఒక రకం. "మీకు వచ్చింది అసలు తెలుగే కాదు, ఇక్కడ కూర్చుని నేర్చుకోండి" అనేవారు రెండో రకం. మొదటివారు ఇంట్లోనూ బజారులోనూ వుంటారు. రెండోవారు తరగతి గదిలో బల్లకు అవతల వుంటారు. గోవాడ నుంచి వెళ్ళి బి.ఏ.లో స్పెషల్ తెలుగు తీసుకున్న రోజుల్లో ఈ రెండు మాటలూ నేను విన్నాను. పైకి ఎదురెదురుగా కనిపించే ఈ ఇద్దరూ ఒకే విషయాన్ని విస్మరిస్తున్నారని నా అభిప్రాయం. భాష రావడం వేరు, ఆ వచ్చిన భాష ఎలా నడుస్తున్నదో తెలియడం వేరు.

ఒక చిన్న ఉదాహరణ చూద్దాం. "మేము", "మనం" అన్న మాటలు తీసుకోండి. ఎదుటివాణ్ణి కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము. అయిదేళ్ళ పిల్లవాడు కూడా ఈ రెంటినీ తారుమారు చేయడు. కాని తేడా ఏమిటో చెప్పమంటే పాతికేళ్ళవాడు కూడా తడుముకుంటాడు. ఇంగ్లీషులో రెండింటికీ ఒకే మాట కాబట్టి, తెలుగు నేర్చుకునే పరదేశి మొదటి వారంలోనే ఈ సూత్రాన్ని పుస్తకంలో చదివి తెలుసుకుంటాడు, మాట్లాడేటప్పుడు మాత్రం తప్పుతాడు. మనవాడు తప్పడు, చెప్పలేడు. కళాశాల చదువు చేయవలసిన పని ఈ చెప్పలేనిదాన్ని చెప్పగలిగేట్టు చేయడమే. మా తరగతి గదుల్లో చాలాకాలం జరిగింది అది కాదు. పిల్లవాడికి వచ్చినదాన్ని ముందు తుడిచేసి, ఆ ఖాళీలో మరొకటి రాయడం జరిగింది.

గోవాడ అంటే అందరికీ తెలిసింది సహకార చక్కెర కర్మాగారం. అప్పటి విశాఖపట్నం జిల్లాలో, 2022 నుంచి అనకాపల్లి జిల్లాలో వున్న చోడవరం ప్రాంతమంతా చెరకు మీద బతికిన నేల. మా ఇళ్ళలో మాటలు కూడా ఆ పంటలోంచే వచ్చాయి. నాటడానికి కన్నులు చూసి నరికిన ముక్క ముచ్చె. కొత్తగా ముచ్చె నాటి పెంచింది మొక్క తోట. దాన్ని నరికాక అదే మోడు నుంచి మళ్ళీ లేచింది కార్శి తోట. గాలికి పడిపోకుండా ఎండాకుల్ని జడలా అల్లి గడల్ని చుట్టి కట్టడం జడచుట్టు. గానుగలో రసం పోగా మిగిలింది పిప్పి. ఇందులో ఏ ఒక్క మాట తీసేసినా దాని స్థానంలో ఒక వాక్యం రాయవలసి వస్తుంది. ఇవన్నీ వాడి నేను రాసిన వ్యాసం ఒకటి ఎర్రసిరా గీతలతో తిరిగి వచ్చింది. పక్కన "గ్రామ్యం" అని రాసివుంది. చెరకుగడ అన్నచోట ఇక్షుదండము అని రాస్తే బాగుండునని కూడా సూచన వుంది. విచిత్రమేమంటే ముచ్చెలూ కార్శీ జడచుట్లూ వ్యవసాయ శాస్త్రజ్ఞులు రైతుల కోసం రాసే కరపత్రాల్లో నిక్షేపంగా వున్నాయి. శాస్త్రానికి పనికొచ్చిన మాట సాహిత్యానికి అంటరానిదయింది.

ఈ గ్రామ్యమనే ముద్ర ఎక్కడిది? తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అని మాటల్ని నాలుగుగా విభజించి చెప్పడం మన వ్యాకరణాల్లో అలవాటు. చిన్నయసూరి బాలవ్యాకరణం ఆ విభజనను బడిపిల్లల దాకా తెచ్చింది. మొదటి మూడూ మాట ఎక్కడ నుంచి వచ్చిందో చెబుతాయి. నాలుగోది మాత్రం పుట్టుక చెప్పదు, లక్షణానికి లోబడలేదని తీర్పు చెబుతుంది. వర్గీకరణ మధ్యలో తీర్పు దూరింది. పైగా ఎవరి లక్షణం? పూర్వకవుల ప్రయోగాల నుంచి తీసిన లక్షణం. అంటే కవులు వాడని మాటకు, కవులు తొక్కని పొలానికి అందులో మొదటినుంచీ చోటు లేదు.

కాని ఆ లక్షణంతోనే కొలిచినా మా భాష ఓడిపోదు. మా అమ్మ "వచ్చినాడు" అనేది, "సెప్పినాడు" అనేది. గ్రాంథికంలో "వచ్చినాఁడు", "చెప్పినాఁడు". అరసున్నా తీసేస్తే తేడా ఎంత? సభ్యభాషగా చెలామణీ అయ్యే "వచ్చాడు", "చెప్పాడు"లే పాత రూపానికి ఎక్కువ దూరం జరిగాయి. సంధి సంగతి ఇంకా ముచ్చటైనది. "రాముడు వెళ్ళాడు" అనేవాడి నోట సంధి జరగదు, రెండో మాట హల్లుతో మొదలయింది కాబట్టి. మా వూళ్ళో వకారం పోయి "ఎల్లినాడు" అయింది కాబట్టి "రాముడెల్లినాడు" అంటాం. ఉత్వసంధి సూత్రం ఒక్క అక్షరం చదవని రైతుకూలీ నోట్లో తు.చ. తప్పకుండా పనిచేస్తోంది. వ్యాకరణం పాఠం చెప్పేవాడు ఈ ఒక్క వాక్యం నల్లబల్ల మీద రాస్తే పిల్లలకు సూత్రమూ అర్థమవుతుంది, తమ నోటి మీద గౌరవమూ కలుగుతుంది.

ఒకే మాట రెండుచోట్ల రెండర్థాలతో బతకడం కూడా వుంది. కావ్యంలో "చెవి యొగ్గి" అంటే శ్రద్ధగా చెవి పెట్టి అని. మా వైపు ఒగ్గీడమంటే వదిలేయడం. మావాడు ఆ పద్యం చదివితే చెవిని వదిలేయడమేమిటని తెల్లబోతాడు. అలా తెల్లబోయేచోటే భాషాశాస్త్రం పాఠం మొదలు కావాలి.

ఈ తగాదా కొత్తది కాదు. ఉత్తర సర్కారు జిల్లాలకు బడుల తనిఖీ అధికారిగా వచ్చిన యేట్స్ దొరకు, జనం మాట్లాడే తెలుగుకూ పుస్తకం తెలుగుకూ ఇంత ఎడమెందుకన్న సందేహం కలిగింది. ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారి ద్వారా ఆ ప్రశ్న గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావుల దగ్గరికి చేరింది. గిడుగు అప్పటికే సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని సవర నేర్చినవాడు. 1931లో ఆయన సవర భాషా వ్యాకరణం వెలువడింది. తనది కాని భాషను మాట్లాడేవాళ్ళ నోట విని నేర్చుకున్నవాడు తన భాషను కూడా అలాగే వినడంలో ఆశ్చర్యం లేదు. 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు గ్రాంథికం పక్షాన నిలిచింది. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం సమర్పించాడు. విద్యార్థి ఏ తెలుగులో రాయాలన్నది ఆనాడు జీవన్మరణ సమస్య.

ఆ పోరాటం చివరకు గెలిచింది. కాని గెలిచింది శిష్ట వ్యావహారికం. అంటే చదువుకున్నవారి వాడుక. అందులోనూ పత్రికలూ ప్రచురణ సంస్థలూ సినిమా కలిసి కృష్ణా గోదావరీ మండలాల వాడుకను ప్రమాణంగా నిలబెట్టాయి. గిడుగు పుట్టింది ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. గురజాడ పుట్టింది మా జిల్లా ఎస్. రాయవరంలో. వాడుక భాషకు గొంతు ఇచ్చిన ప్రాంతం మాటలే ప్రమాణభాషలో రెండో వరసలో కూర్చున్నాయి. దీన్ని ప్రాంతాభిమానంతో అనడం లేదు. మాండలికమన్నది ప్రాంతానికి మాత్రమే సంబంధించింది కాదు కూడా. మా వూళ్ళోనే అందరూ "సెప్పినాడు" అనరు. కులమూ ఆస్తీ చదువూ పెరిగినకొద్దీ సకారం చకారమవుతుంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలను జిల్లాల వారీగా పోగుచేసింది. ఎం.ఏ.లో ఆ పుస్తకం చేతికి వచ్చినప్పుడు రైతు మాటకు నిఘంటువులో ఆరోపం లేని స్థానం వుండగలదని మొదటిసారి చూశాను.

ఇక్కడ కథారచయితలకు సంబంధించిన విషయం ఒకటుంది. మన కథల్లో పాత్రలు మాండలికంలో మాట్లాడతాయి, కథకుడు ప్రమాణభాషలో చెబుతాడు. ఇది ఎంత అలవాటయిందంటే దీన్ని ఎవరూ ప్రశ్నించరు. కాని దీని ఫలితం చూడండి. పేదవాడు మాట్లాడతాడు, వాడి గురించి ఆలోచించేది మాత్రం ఇస్త్రీ బట్టల భాష. రావిశాస్త్రి "మాయ" కథలో ముత్యాలమ్మ తన మాటల్లోనే ప్లీడరుకు న్యాయస్థానం స్వభావం బోధిస్తుంది. ఆలోచన కూడా ఆ భాషలోనే జరుగుతుంది. నామిని "పచ్చనాకు సాక్షిగా"లో మరో అడుగు వేసి కథనమంతా చిత్తూరు పల్లె మాటలో నడిపాడు. ఉచ్చారణ అనుకరించి "సూడు", "ఎల్లు" అని రాసినంత మాత్రాన మాండలిక రచన కాదు. ఆ భాష తర్కించగలదని చూపించడం దాని కన్నా కష్టం.

మన సమస్యే వేరేచోట్ల కూడా వుంది. అమెరికాలో మెక్సికో మూలాలున్న కుటుంబాల పిల్లలు ఇంట్లో స్పానిష్ మాట్లాడతారు. కళాశాలలో స్పానిష్ తరగతికి వెళితే తమ మాటలు తప్పుగా తేలుతాయి. "తెచ్చాను" అనడానికి న్యూ మెక్సికో పల్లెల్లో "త్రూహే" అంటారు, పుస్తకంలో "త్రాహే" అని వుంటుంది. ఆ పల్లెటూరి రూపం సెర్వాంటెస్ "దోన్ కిహోతే"లోనే వుంది. మా అమ్మ "వచ్చినాడు"కూ దానికీ చుట్టరికం కలుస్తోంది. తేడా ఏమంటే అక్కడ అనేక కళాశాలలు ఇంట్లో భాష వచ్చినవారికి వేరే పాఠ్యక్రమం పెట్టాయి. పరాయివాడికి నేర్పినట్టు మొదటినుంచి నేర్పకుండా, వాళ్ళకు వచ్చినదాని మీద చదవడాన్నీ రాయడాన్నీ కట్టడం ఆ పద్ధతి. మన దగ్గర తరగతిలో అందరూ తెలుగువాళ్ళే అయినా అటువంటి ఆలోచన లేదు. పైపెచ్చు ఇంటర్మీడియట్‌లో మార్కుల కోసం తెలుగు వదిలి సంస్కృతం తీసుకునేవాళ్ళు కోకొల్లలు.

నేను పాఠం చెప్పే రోజుల్లో పిల్లలు తరచు అడిగిన ప్రశ్న ఒకటి చెబుతాను. "వచ్చాడు" అని రాయాలా, "వచ్చేడు" అని రాయాలా? చాసో, రావిశాస్త్రి, కారా మాస్టారు పుస్తకాల్లో "చెప్పేడు", "నవ్వేడు" అని చూసి వాళ్ళు తికమకపడేవారు. ఆ క్రియ మధ్యలో మనం పలికే అచ్చు ఆకారమూ కాదు, ఏకారమూ కాదు. రెంటికీ నడుమ ధ్వని. ఇంగ్లీషు "బ్యాంకు" మాటలో వినిపించేది అదే. మన వర్ణమాలలో దానికి అక్షరం లేదు. కోస్తా మధ్య జిల్లాలవారు ఆకారం వైపు మొగ్గారు, మా వైపు రచయితలు ఏకారం వైపు మొగ్గారు. ఏది ఒప్పని అడిగిన పిల్లవాణ్ణి ముందు గట్టిగా పలకమనేవాణ్ణి. పలికి, తన నోట్లో నాలుక ఎక్కడుందో చూసుకుని, "రెండూ కాదు మాస్టారూ" అనేవాడు.