వేయిస్తంభాల గుడిని గాజు పలకకెక్కించిన ఇంజినీరు

హనుమకొండ: వేయిస్తంభాల గుడికి వచ్చి ఫొటో తీసుకోకుండా వెళ్లేవారు ఇప్పుడు అరుదు. జేబులోంచి ఫోను తీయడం, నొక్కడం, అంతే పని. 1880 దశకంలో ఈ గుడికీ, ఓరుగల్లు కోటలోని శిథిలాలకూ ఫొటోలు తీసిన మనిషికి మాత్రం అది ఇంత సులువుగా కాలేదు. ఆయన పేరు లాలా దీన్‌దయాళ్. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరుగా పేరు పొందిన ఈయన చదువు చేతా, తొలి ఉద్యోగం చేతా ఇంజినీరన్న సంగతి చాలామందికి తెలియదు.

దీన్‌దయాళ్ మన ప్రాంతం వారు కాదు. ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ దగ్గర సర్ధనా అనే ఊళ్లో 1844లో ఒక జైన కుటుంబంలో పుట్టారు. రూర్కీలోని థామ్సన్ కాలేజీలో సివిల్ ఇంజినీరింగు చదివారు. గంగ కాలువ పనులకు చదువుకున్న మనుషులు కావలసి వచ్చి తెల్లదొరలు పెట్టిన కాలేజీ అది. చదువు పూర్తయ్యాక 1866లో ఇండోర్‌లో పి.డబ్ల్యు.డి. ఆఫీసులో ఉద్యోగం దొరికింది. పని ఎస్టిమేట్లు వేయడం, ప్లాన్లు గీయడం. అక్కడే హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ స్థాయికి వచ్చారు.

ఆయన కెమెరా పట్టింది 1874లో. అప్పటికి వయసు ముప్పయి. ఉద్యోగం చేసుకుంటూనే, తీరిక దొరికినప్పుడల్లా ఫొటోలు తీసేవారు. ఇండోర్‌లో ఉన్న బ్రిటిష్ ప్రతినిధి సర్ హెన్రీ డాలీ ఆ ఫొటోలు చూసి ప్రోత్సహించారు. హోల్కార్ మహారాజు ఆదరించారు. 1882లో మరో అధికారి లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ్ అంతా తిరిగి పాత కోటలకు, గుళ్లకు ఫొటోలు తీశారు. వాటితో 1886లో ఒక పెద్ద పుస్తకమే అచ్చయింది.

గాజు, వెండి, గుడ్డు సొన

ఆయన ఈ విద్య నేర్చుకున్న రోజుల్లో ఫిల్ము లేదు. గాజు పలకను శుభ్రంగా తుడిచి, దానిమీద కొలోడియన్ అనే జిగురు ద్రవం పొయ్యాలి. చీకటి డేరాలో వెండి లవణం కరిగించిన నీళ్లలో ముంచి తీయాలి. తడి ఆరకముందే కెమెరాలో పెట్టి ఫొటో తియ్యాలి. తీసిన వెంటనే మళ్లీ డేరాలోకి పరుగెత్తి కడగాలి. పలక ఆరిపోతే శ్రమంతా వృథా. మన ఎండల్లో తడి ఎంతసేపు నిలుస్తుందో రైతులకు చెప్పక్కర్లేదు.

1880 దశకంలో కంపెనీలు తయారుచేసిన పొడి పలకలు బజారులోకి వచ్చాక ఆ పరుగు తగ్గింది. బరువు మాత్రం తగ్గలేదు. ఆ కాలపు కాగితంమీద ఫొటోను పెద్దది చేసుకునే వీలు లేదు. కాగితాన్ని పలకకు ఆనించి ఎండలో పెట్టేవారు. పలక ఎంతో ఫొటో అంతే. పెద్ద ఫొటో కావాలంటే అంత పెద్ద గాజు, దానికి తగ్గ పెద్ద కెమెరా మోసుకుపోవాలి. ఇక ఆ కాగితానికి పూసేది కోడిగుడ్డు తెల్లసొన. ఒక్కో ఆల్బం వెనుక ఎన్ని బుట్టల గుడ్లు ఖర్చయ్యాయో లెక్క కట్టినవారు లేరు.

రాళ్లను చూడడంలో ఆయనకు ఇంజినీరు చదువు అక్కరకు వచ్చిందనే అనుకోవాలి. గోడ నిట్టనిలువుగా, కప్పు అడ్డంగా ఉండవలసిన తీరులో ఆయన ఫొటోల్లో కనిపిస్తాయి. గుడి ఏ మూల నుంచి చూస్తే ముందు భాగం, పక్క భాగం రెండూ తెలుస్తాయో ప్లాను గీసే మనిషికి వేరే చెప్పాలా? సొగసు కోసం గీతను వంకర చేసే అలవాటు ఆయనకు లేదు.

కొలువు వదిలి

1885లో రెండేళ్లు సెలవు పెట్టారు. ఆ ఏడే వైస్రాయి డఫరిన్ ఆయనను తన ఫొటోగ్రాఫరుగా నియమించారు. సెలవు పూర్తయ్యాక దీన్‌దయాళ్ మళ్లీ ఆఫీసు కుర్చీలో కూర్చోలేదు. సర్కారీ కొలువు దొరకడమే గొప్ప అనుకునే రోజుల్లో, నలభై దాటిన మనిషి, నికరమైన జీతం వదులుకుని ఫొటోలనే నమ్ముకోవడం చిన్న విషయం కాదు. ఇంట్లోవాళ్లు ఏమన్నారో గాని, ఇప్పటికీ ఏ ఊళ్లోనైనా అలాంటి కొడుకును మెచ్చుకునే తండ్రి దొరకడం కష్టమే.

సికింద్రాబాదులో స్టూడియో పెట్టారు. నిజాం కొలువులో చేరి దర్బారులు, వేటలు, విందులు, సైన్యం, రాజభవనాలు ఎన్నో తీశారు. 1892లో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. 1894లో నిజాం ఆయనకు 'రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్' బిరుదు ఇచ్చారు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. 1896లో బొంబాయిలోనూ స్టూడియో వెలిసింది. మరుసటి ఏడు విక్టోరియా రాణి గుర్తింపు కూడా వచ్చింది.

చంపిన పులి పక్కన నిలబడ్డ దొరల ఫొటోలే ఎక్కువగా పుస్తకాలకు ఎక్కాయి. వాటికన్నా విలువైనవి ఆయన స్టూడియో తీసిన కరువు ఫొటోలు. 1899-1900లో దేశంలో పెద్ద కరువు వచ్చింది. అప్పుడు నిజాం రాజ్యంలో ఉండి, ఇప్పుడు మహారాష్ట్రలో ఛత్రపతి శంభాజీనగర్‌గా పిలిచే ఔరంగాబాద్ ప్రాంతంలో సర్కారు చేసిన సాయాన్ని చూపడానికి ఆ ఫొటోలు తీయించారు. దొరతనం మంచి పనులు చెప్పుకోవడానికే తీయించినా, వరుసగా కూర్చోబెట్టిన ఆ ఎముకల గూళ్లను చూసినవారికి గుర్తుండేది సాయం కాదు, ఆకలి.

1905 జూలైలో దీన్‌దయాళ్ కన్నుమూశారు. ఆయన వారసుల దగ్గర మిగిలిన గాజు పలకలు 2,857 న్యూఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి 1989లో చేరాయి. 2006లో తపాలా శాఖ ఆయన పేర ఒక బిళ్ల విడుదల చేసింది. మన గుడివి, మన కోటవి ఆయన తీసిన ఫొటోలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని రాయి రాయి విప్పి, ఏళ్ల తరబడి పనిచేసి, 2024 మార్చిలో తిరిగి తెరిచారు. పాత రూపం చూడాలనే కోరిక ఉన్నవారు ఆ ఫొటోల నకళ్లను ఇంటర్నెట్‌లో వెతుక్కోవచ్చు.