ఒకటో నంబరు ప్రెస్సు

1870 ఫిబ్రవరి 11న అమెరికాలోని నెవాడా రాష్ట్రం, కార్సన్ సిటీ టంకశాలలో మొదటి వెండి డాలరు అచ్చుపడింది. దాన్ని కొట్టిన యంత్రం బరువు దాదాపు అయిదున్నర టన్నులు. ఫిలడెల్ఫియాకు చెందిన మోర్గాన్ అండ్ ఆర్ కంపెనీ తయారుచేస్తే, 1869లో అది దేశం ఆ కొస నుంచి ఈ కొసకు చేరింది. టంకశాలలో తొలి యంత్రం కాబట్టి దాని పేరు ఒకటో నంబరు ప్రెస్సు. మార్చి ముగిసేలోపే అది పది, అయిదు, ఇరవై డాలర్ల బంగారు నాణేలు కూడా కొట్టింది.

అంత మారుమూలకు టంకశాల ఎందుకంటే, కారణం కొండల్లో ఉంది. 1859లో అక్కడికి దగ్గర్లో కామ్‌స్టాక్ ఖనిజ నిక్షేపం బయటపడింది. వెండి, దాంతోపాటు బంగారం. ఆ లోహాన్ని సియెర్రా నెవాడా పర్వతాలు దాటించి శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాలకు చేర్చాలంటే బండి కిరాయి భారం, దారిదోపిడీ భయం. 1863లో కార్సన్ సిటీ టంకశాలకు అనుమతి వచ్చింది. ఊరికి పునాది వేసిన ఏబ్రహాం కర్రీయే దానికి మొదటి సూపరింటెండెంట్. అక్కడి నాణేల మీద వేసిన గుర్తు ‘సిసి’. అమెరికా టంకశాలల్లో రెండక్షరాల గుర్తు దీనికొక్కదానికే ఉంది.

ఈ ప్రెస్సు పనితీరు మన మోకాలిని పోలి ఉంటుంది. ఆవిరి యంత్రం తిప్పే పెద్ద చక్రం ఒక కీలును వంచుతూ చాపుతూ ఉంటుంది. కీలు నిటారుగా చాపుకునే చివరి క్షణంలో కదలిక చాలా తక్కువ, ఒత్తిడి మాత్రం అపారం. ఆ ఒత్తిడితో పై అచ్చు దిగి, కింది అచ్చు మీదున్న లోహపు బిళ్ళను నొక్కుతుంది. బిళ్ళ పక్కలకు సాగిపోకుండా చుట్టూ ఉక్కు కాలర్ కాపు కాస్తుంది. దాని లోపలి గాట్లే నాణెం అంచున గీతలుగా పడతాయి. అంటే బొమ్మ, బొరుసు, అంచు మూడూ ఒక్క దెబ్బకే సిద్ధం. అంచున గీతలుంటే బంగారాన్ని ఆకురాయితో కొంచెం కొంచెంగా గీకి తీసుకునేవాళ్ల ఆట సాగదు.

ఇరవై డాలర్ల నాణేన్ని డబుల్ ఈగిల్ అంటారు. బరువు 33.436 గ్రాములు, మన పాత లెక్కలో మూడు తులాలకు కాస్త తక్కువ. అందులో 90 శాతం బంగారం, మిగతాది గట్టిదనం కోసం కలిపినది. మన 22 క్యారెట్ల నగ దీనికన్నా కొద్దిగా మేలిమిది. 1870లో కార్సన్ సిటీలో కొట్టినవి 3,789 మాత్రమే. అప్పటికి ఆ టంకశాలలో మరో ప్రెస్సు లేదు కాబట్టి అవన్నీ దీని కింద పడి వచ్చినవే. ఇప్పుడు వందలోపే మిగిలాయని అంచనా. వాటిలో ఒకటి 2021 వేలంలో పది లక్షల డాలర్లు దాటి పలికింది.

1878లో ప్రెస్సు విరిగింది. వర్జీనియా అండ్ ట్రకీ రైల్వే కార్ఖానావాళ్లు బాగుచేసి, తయారీదారు పేరున్న పలక తీసేసి తమ పేరు బిగించుకున్నారు.

కార్సన్ సిటీలో నాణేల తయారీ 1893లో ఆగిపోయింది. విచిత్రంగా, టంకశాల గుర్తుల మీద అగస్టస్ హీటన్ అనే చిత్రకారుడు పుస్తకం వేసిందీ ఆ ఏడాదే. అంతవరకు సేకర్తలకు నాణెం మీది సంవత్సరమే ముఖ్యం. ఎక్కడ కొట్టారన్నది చాలామంది పట్టించుకునేవారు కాదు. ఆ చిన్న అక్షరాలకు విలువ అప్పటినుంచే పెరిగింది. 1933లో ప్రజలు తమ బంగారు నాణేలు అప్పగించాలని అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఆదేశించినప్పుడు కూడా సేకర్తల దగ్గరున్న అరుదైన వాటికి మినహాయింపు దక్కింది. మిగతావి కుప్పలుగా కరిగిపోయాయి.

ప్రెస్సు మాత్రం ఊళ్లు తిరుగుతూనే ఉంది. 1899లో ఫిలడెల్ఫియాకు వెళ్లింది. 1930లో ఆవిరి వదిలి కరెంటుకు మారింది. 1945లో శాన్‌ఫ్రాన్సిస్కో చేరింది. అక్కడ పని ఆగిపోయాక, 1958లో నెవాడా స్టేట్ మ్యూజియం దాన్ని 225 డాలర్లకు కొని సొంతూరికి తెచ్చుకుంది. పాత టంకశాల భవనమే ఆ మ్యూజియం.

విశ్రాంతి ఎంతోకాలం సాగలేదు. 1964లో దేశంలో చిల్లర కరువైతే ప్రభుత్వం ప్రెస్సును అరువడిగి డెన్వర్ టంకశాలకు పట్టుకెళ్లింది. 1967లో తిరిగి వచ్చేలోపు అది 18 కోట్లకు పైగా నాణేలు కొట్టింది. ఆ కరువుకు సేకర్తల దాచివేత కూడా కారణమని ప్రభుత్వం భావించి, 1965 నుంచి 1967 వరకు తేదీ ఉన్న నాణేల మీద టంకశాల గుర్తే వేయించలేదు. ‘సిసి’ గుర్తుతో లక్షలు పలికే నాణేలు కొట్టిన యంత్రం నుంచే వచ్చినా, ఆ చిల్లరలో దాని వాటా ఏదో ఇప్పుడు ఏ సేకర్తా పోల్చలేడు.

ప్రస్తుతం అది కార్సన్ సిటీ మ్యూజియంలో, పాత ‘సిసి’ గుర్తుతోనే పతకాలు కొడుతోంది.