తోడు మంచిదే, మరి పెరుగెందుకు చెడింది?

పాలు కాచి, గోరువెచ్చగా చల్లార్చి, చెంచాడు తోడు వేసి మూత పెడతాం. తెల్లారి చూస్తే పెరుగు పాడై ఉంటుంది. తప్పు తోడుదా, పాలదా, గిన్నెదా? మా పిన్ని ఇంట్లో ఇలాంటి ప్రశ్నే వచ్చింది. కాకపోతే అది పెరుగు గురించి కాదు.

పిన్ని కొడుక్కి బ్లడ్ క్యాన్సర్ వస్తే నాలుగేళ్ల క్రితం వాళ్లక్క ఎముక మూలుగ ఇచ్చింది. (తుంటి ఎముకలోంచి సూదితో తీస్తారు. ఇచ్చినవాళ్లకు కొన్ని వారాల్లో మళ్లీ ఊరుతుంది, భయపడక్కర్లేదు.) పిల్లాడు కోలుకున్నాడు. మొన్న మళ్లీ జబ్బు కనిపించింది. మామూలుగా తిరగబెడితే అది రోగి పాత కణాల పనే. కానీ వీడి జబ్బు కణాల్లో ఆడవాళ్ల క్రోమోజోములున్నాయట. అంటే అవి అక్క ఇచ్చినవే! పిన్ని నోరు జారి, "నీ రక్తంలోనే ఉందేమోనే" అనేసింది. ఆ పిల్ల రెండ్రోజులు అన్నం ముట్టలేదు.

చాలా అరుదే గాని ఇది కొత్త సంగతేం కాదండీ. అమెరికాలోని సియాటిల్‌లో సోదరుడి మూలుగ ఎక్కించిన 16 ఏళ్ల అమ్మాయికి జబ్బు తిరగబెడితే, ఆ కణాల్లో మగవాళ్ల క్రోమోజోములు కనిపించాయని 1971లోనే డాక్టర్లు రాశారు. వాళ్లలో ఒకరైన డోనల్ థామస్‌కి మూలుగ మార్పిడి మీద చేసిన కృషికి 1990లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఎందుకిలా అవుతుందంటే, తోడులోనే కంటికి కనపడని లోపం ఉండొచ్చు. కొన్ని కుటుంబాల్లో పుట్టుకతోనే జన్యులోపం ఉంటుంది. వయసు మళ్లిన దాతల కణాల్లో చిన్న చిన్న మార్పులు పేరుకుని ఉంటాయి. దాత ఒంట్లో ఏళ్ల తరబడి అణిగి ఉన్నదే రోగి ఒంట్లో విజృంభించవచ్చు. మరి గిన్నె సంగతో? మందులకీ రేడియేషన్‌కీ నలిగిపోయిన ఒళ్లది. గుప్పెడు కొత్త కణాలు గబగబా పెరిగి ఆ మూలుగంతా నిండాలి. పైగా అవి ఒంటితో పేచీ పెట్టుకోకుండా ఇచ్చే మందులు ఒంటి కాపలానే తగ్గిస్తాయి. ఫలానాదే కారణమని తేల్చడం డాక్టర్లకే కష్టం. ఇక అక్కననడం ఏం న్యాయం?

అలాగని దాతను పట్టించుకోకుండా వదిలెయ్యకూడదు. ఇలాంటప్పుడు దాతకూ రక్తపరీక్ష, అవసరమైతే జన్యుపరీక్ష చేయిస్తారు. చాలామంది దాతలు ఆరోగ్యంగానే ఉంటారు. మా పిల్లకూ రెండూ చేశారు, ఏ లోపమూ లేదన్నారు. రిపోర్టు వచ్చిన రోజు పిన్నికి మాట రాలేదు. దానికిష్టమని పులిహోర కలిపి, పళ్లెం తెచ్చి ముందు పెట్టింది. తమ్ముడికి మళ్లీ వైద్యం మొదలైంది. ఈసారి బయటి దాత కోసం వెతుకుతున్నారు.