సినిమా గోదారి - అసలు గోదారి

'అందాల రాముడు' చూశాక గోదారి మీద లాంచీ ఎక్కాలని మనసు పడనివాళ్ళుంటారా? 1973లో బాపు-రమణలు అక్కినేనిని రాజమండ్రిలో లాంచీ ఎక్కించి భద్రాచలం దాకా తీసుకుపోయారు. 2006లో శేఖర్ కమ్ముల అదే దారిన సుమంత్‌నీ, కమలినీ ముఖర్జీనీ పంపి, సినిమాకి ఏకంగా 'గోదావరి' అనే పేరు పెట్టేశారు. ఆ యేడే నాగార్జున 'శ్రీరామదాసు'గా దర్శనమిచ్చారు. యింకేం! కుర్రకారు కూడా భద్రాచలం దారి పట్టారు.

నేనూ ఆ దారి పట్టినవాణ్ణే. ఆ అడవి అంచున తిరిగి చూసొచ్చిన సంగతులే యివి.

భక్తులకో దారి

ముందుగా ఓ హెచ్చరిక! 'భద్రాచలం రోడ్' స్టేషన్లో దిగి గుడి యెక్కడని వెతక్కండి. ఆ స్టేషన్ వున్నది కొత్తగూడెంలో. అక్కణ్ణుంచి గుడికి దాదాపు నలభై కిలోమీటర్లు బస్సులో పోవాలి. 1965లో గోదారి మీద వంతెన ప్రారంభమయ్యేదాకా యాత్రికులు పడవలో యేరు దాటాల్సిందే.

గుడి కథ మీకు తెలిసిందే. గోల్కొండ తానీషా కాలంలో పాల్వంచ పరగణా తహసీల్దారుగా పనిచేసిన కంచర్ల గోపన్న సర్కారు సొమ్ముతో గుడి కట్టించి, చెరసాల పాలయ్యాడు. శ్రీరామనవమి కళ్యాణానికీ, ముక్కోటికి గోదాట్లో జరిగే తెప్పోత్సవానికీ ఊరు కిక్కిరిసిపోతుంది. అక్కడికి ముప్ఫయ్యయిదు కిలోమీటర్ల దూరంలో పర్ణశాల. మాయలేడి, సీతాపహరణం అన్నీ బొమ్మలుగా నిలబెట్టారు, అచ్చం సినిమా స్టిల్స్ లాగా! సీతమ్మ నారచీర ఆరేసిందంటూ వాగు పక్కన చారల రాళ్ళు కూడా చూపిస్తారు.

అడవి యిష్టమైనవాళ్ళకి పాల్వంచ దగ్గర కిన్నెరసాని వుంది. విశ్వనాథ సత్యనారాయణ పాటలుగా పాడుకున్న వాగే అది. యిప్పుడక్కడ జలాశయం, జింకల పార్కు, చుట్టూ అభయారణ్యం.

షికారుకో దారి

అసలు సరదా మాత్రం పాపికొండలే! భద్రాచలం వైపునుంచి వెళితే కూనవరం దగ్గర శబరి వచ్చి గోదారిలో కలవడం చూసి, పోచవరం రేవులో బోటెక్కాలి. అక్కణ్ణుంచి కొండలు రెండు పక్కలా దగ్గరికొస్తాయి. గోదారి సన్నబడుతుంది. చలికాలం పొద్దున నీళ్ళ మీద మంచు తేలుతుంటే, మైకులో రికార్డింగ్ పాటలు ఆపేస్తే బాగుండుననిపించింది నాకు. పేరంటాలపల్లిలో దిగితే శివాలయం, కొండ మీంచి జారే సెలయేరు.

ఆ ఒడ్డున కొండరెడ్లు వెదురుతో చేసిన పూలకుండీలు, బొమ్మలు పెట్టుకుని కూర్చుంటారు. బోటులో కూల్‌డ్రింకుకి అడిగినంతా యిచ్చినవాళ్ళు, యిక్కడ పది రూపాయల దగ్గర బేరమాడతారు. ఆ విషయంలో మనవాళ్ళంతా హీరోలే!

కెమెరాకి కనపడనిది

సినిమాలో గోదారి యెప్పుడూ నెమ్మదిగానే పారుతుంది. అసలు గోదారి అలా కాదు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 53 అయితే మూడోది. 1986లో అది 75.6 అడుగులకీ, 2022 జూలైలో 71.3 అడుగులకీ వెళ్ళింది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద గోదారిలో 'రాయల్ వశిష్ఠ' బోటు మునిగింది. షికారుకి బయల్దేరినవాళ్ళలో దాదాపు యాభైమంది తిరిగి రాలేదు. ఆ తర్వాత బోట్లు చాలాకాలం ఆగిపోయి, 2021లో మళ్ళీ కదిలాయి. అందుకే చెబుతున్నా: వరద రోజుల్లో బోటు ప్రయాణం పెట్టుకోకండి. లైఫ్ జాకెట్ వేసుకుంటే ఫోటోలో బాగుండమని మొహమాటపడకండి!

మరో సంగతి. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం ప్రాజెక్టు కోసం ఖమ్మం జిల్లాలోని ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. అందుకే రాముడు తెలంగాణలో, బోటు రేవు ఆంధ్రాలో! ఆ డ్యాం పూర్తిగా నిండిన నాడు పాపికొండలు మునగవు. వాటి పాదాల దగ్గరున్న పల్లెలు మునుగుతాయి. లక్షకు పైగా కుటుంబాలు యిళ్ళు వదలాలని సర్కారు లెక్క. వాళ్ళలో కోయలు, కొండరెడ్లు యెందరో! కొందరు యిప్పటికే పునరావాస కాలనీలకు చేరుకున్నారు.

అప్పుడు బోట్లు యింకా పెద్దవొస్తాయేమో, నీళ్ళు మరీ విశాలంగా వుంటాయేమో. టూరిస్టులకి లోటేమీ వుండదు. కానీ అడవినీ, వెదురునీ నమ్ముకున్న మనిషి కాలనీ గదిలో కూర్చుని యేం అల్లుతాడు? అందాల లొకేషన్ అని మనం మురిసిపోయే చోటు వాళ్ళకి పుట్టినిల్లు.

కాబట్టి తప్పకుండా వెళ్ళండి. ప్లాస్టిక్ సీసాలు ఒడ్డున పారేయకుండా వెనక్కి తెచ్చుకోండి. వెదురుబొమ్మని బేరమాడకుండా కొనండి. సెల్ఫీతో పాటు ఆ ఊరి పేరు కూడా అడిగి రాసుకోండి. రేపు ఆ ఊరు ఫోటోల్లోనే మిగిలితే, కింద రాయడానికి పేరైనా వుండాలి కదూ!