మరణానికీ తీర్పుకూ నడుమ

కతోలిక క్రైస్తవులకూ ముస్లింలకూ జీవితం ఒక్కటే, పునర్జన్మ లేదు. అంత్యదినాన మృతులు సశరీరులై లేచి దైవన్యాయానికి లోబడతారని ఉభయులూ విశ్వసిస్తారు. మరి అంతవరకూ మృతుల గతి ఏమి? భేదం ఇక్కడే పొడసూపుతుంది.

కతోలిక బోధలో మరణించిన వెంటనే ప్రతి ఆత్మకూ విడిగా తీర్పు జరుగుతుంది. దైవకృపలో కన్నుమూసినా సంపూర్ణ పరిశుద్ధత పొందని ఆత్మలు ‘ఉత్తరించు స్థలం’లో శుద్ధి పొందుతాయి. దీనిని చిన్న నరకమని తలచడం పొరపాటు. అక్కడ ఉన్నవారికి మోక్షం నిశ్చితమే. 1563లో ట్రెంటు మహాసభ ఈ బోధను ధ్రువీకరించింది. అందుచేతనే నవంబరు 2న, సమాధుల పండుగనాడు, మృతుల కొరకు దివ్యబలిపూజ సమర్పిస్తారు.

ఇస్లాంలో ఈ మధ్యకాలం పేరు ‘బర్జఖ్’. ఇది కొందరికే పరిమితం కాదు. సమాధిలో మున్కర్, నకీర్ అనే దేవదూతలు మృతుని ప్రభువును, ధర్మాన్ని, ప్రవక్తను గురించి ప్రశ్నిస్తారని హదీసులు తెలుపుతాయి. సమాధానాన్ని బట్టి ఆ సమాధియే సుఖస్థానమో, యాతనాస్థానమో అవుతుంది. జనాజా నమాజులో బంధుమిత్రులు అతని కొరకు క్షమాభిక్ష వేడుకుంటారు. ఎవరి లెక్క వారిదే అయినా, అతడు తవ్వించిన బావిలో జనులు నీరు తోడుకుంటున్నంత కాలం ఆ పుణ్యం అతనికి చేరుతూనే ఉంటుందని ముస్లింల విశ్వాసం.