ఎండలో గోల్ఫ్: ఆటగానితో పాటు క్యాడీకీ రక్షణ అవసరం

శీతల దేశమైన స్కాట్లాండ్‌లో రూపుదిద్దుకున్న గోల్ఫ్ క్రీడను నేడు హైదరాబాద్, విశాఖపట్నం నగరాలలోనూ ఆడుతున్నారు. 18 హోల్స్ పూర్తిచేయడానికి సాధారణంగా నాలుగు గంటలు పడుతుంది.

చెమట ఆరినప్పుడే శరీరం చల్లబడుతుంది. విశాఖ తీరంలో గాలిలో తేమ అధికమైనందున చెమట త్వరగా ఆరదు. కనుక ఉష్ణోగ్రత హైదరాబాద్ కంటే తక్కువగా నమోదైనా ప్రమాదం తక్కువని భావించరాదు.

వేసవిలో తెల్లవారగానే ఆట ఆరంభించి, ఎండ ముదరకముందే ముగించడం శ్రేయస్కరం. దాహం వేయకముందే నీరు, మజ్జిగ తీసుకోవాలి. ఎండలో ఎవరికైనా మాట తడబడినా, స్పృహ తప్పినా వడదెబ్బగా భావించి, వెంటనే 108కు ఫోన్ చేసి, నీడకు చేర్చి, ఒంటిని తడిపి విసరాలి.

ఆటగాడు తలచినప్పుడు ఆట ఆపగలడు. సంచి మోసే క్యాడీకి ఆ వెసులుబాటు లేదు. అందుచేత అతనికీ టోపీ, తాగునీరు, నీడలో విశ్రాంతి కల్పించవలసి ఉంది.