ఉప్పు వేస్తే గొలుసు అదుపులోకి వస్తుంది

మన నెల్లూరు కోస్తాలో ఇస్కపల్లి ఉప్పు మడులు, రొయ్యల గుంటలు ఎరుగని వాళ్ళుండరు. రొయ్యలకు ఐసు వేసి పంపే థర్మాకోల్ పెట్టెలోని పదార్థం పేరు పాలీస్టైరీన్. స్టైరీన్ అనే చిన్న అణువులు వందలు, వేలుగా చేయీ చేయీ కలిపితే ఏర్పడే గొలుసు అది. పెట్టెలో ఆ గొలుసులు కొన్ని పొడుగు, కొన్ని పొట్టి అయినా ఇబ్బంది లేదు. మనిషి గుండెలో అమర్చే వస్తువుకు మాత్రం అలా కుదరదు.

గొలుసు పెంచే పద్ధతుల్లో కాటయానిక్ పాలిమరీకరణం ఒకటి. ఇందులో గొలుసు కొసన ధనావేశమున్న కార్బన్ ఉంటుంది. అది ఒక్కొక్క స్టైరీన్‌నూ కలుపుకుంటూ పోతుంది. కానీ దానికి నిలకడ తక్కువ. ఒక ప్రోటాన్‌ను వదిలేసిందంటే ఆ గొలుసు అక్కడితో ఆగిపోతుంది. ఆ ప్రోటాన్ వేరేచోట కొత్త గొలుసు మొదలుపెడుతుంది. ఇక పొడవు మన చేతిలో ఉండదు.

జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయంలో హిగాషిమురా, సవామోటో 1984లో వినైల్ ఈథర్‌లతో ఈ గొలుసులను అదుపు చేశారు. 1990లో వారి బృందం స్టైరీన్‌తోనూ సాధించింది. ఫినైల్ ఇథైల్ క్లోరైడ్‌తో గొలుసు మొదలుపెట్టి, టిన్ టెట్రాక్లోరైడ్ వేసి, మైనస్ 15 డిగ్రీల చల్లదనంలో టెట్రాబ్యూటైల్ అమ్మోనియం క్లోరైడ్ అనే లవణాన్ని కలిపారు. మన కూరలో ఉప్పు ఈ ద్రావణిలో కరగదు, అందుకే ఈ లవణం.

ఇది చేసే పని ఏమిటి? ఇంటర్‌లో చదివే ఉమ్మడి అయాను ప్రభావమే! సంతృప్త ఉప్పు నీటిలోకి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు పంపితే ఉప్పు స్ఫటికాలు అడుగున పడతాయి కదా. అలాగే ఇక్కడ ఋణ అయాన్లు పెరిగేసరికి విడిపోయిన కాటయాన్లు తిరిగి జంట కడతాయి. కొస కాసేపు మేలుకొని పెరుగుతుంది, ఎక్కువసేపు క్లోరిన్‌తో కలిసి నిద్రపోతుంది. అన్ని గొలుసులకూ సమానంగా వంతు వస్తుంది కాబట్టి పొడవులు దాదాపు ఒకటవుతాయి. లవణం టిన్ క్లోరైడ్‌ను మించితే మాత్రం చర్యే ఆగిపోతుంది. కూరలో ఉప్పు లాగే, ఇక్కడా పాళం ముఖ్యం.

ఇదే కుటుంబపు పద్ధతితో అమెరికాలోని అక్రాన్‌లో జోసెఫ్ కెన్నెడీ బృందం స్టైరీన్, ఐసోబ్యూటిలీన్‌లను కలిపి రబ్బరు వంటి పాలిమర్ చేసింది. 2004లో అమెరికాలో అనుమతి పొందిన ఒక గుండె స్టెంటుకు మందు పట్టి ఉంచే పూత అదే.

మన ఇళ్ళలో ఈ పేర్లు చెప్పేవాళ్ళు లేరు. కానీ ఉప్పు సంగతి మనవాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు. కనుక ఉమ్మడి అయాను ప్రభావాన్ని రెండు మార్కుల ప్రశ్నగా బట్టీ పట్టకండి. అర్థం చేసుకుంటే, అది మిమ్మల్ని ప్రయోగశాల దాకా తీసుకుపోతుంది.